పేరు ఒక్కటే, జవాబులు రెండు

"అన్నా, రిపోర్ట్స్ సైట్ ఓపెన్ అయితలేదు. నా ఫోన్‌ల డేటా ఆన్ చేస్తే మాత్రం మంచిగనే వస్తుంది."

హన్మకొండలో ఏ డయాగ్నస్టిక్ సెంటర్‌లోనైనా, కాజీపేటలో ఏ కాలేజీలోనైనా కంప్యూటర్లు చూసుకునే మనిషికి ఇలాంటి ఫోన్లు కొత్త కాదు. మొబైల్ డేటాతో వచ్చే సైట్ ఆఫీసు వైఫైతో రాదు. సర్వర్ చూస్తే రిసెప్షన్ వెనక గదిలోనే ఉంటుంది. ఇంకో రోజు ఇదే తిరగబడుతుంది. ఆఫీసులో చక్కగా పనిచేసిన లింకు డాక్టరుగారు ఇంటికి వెళ్లి నొక్కితే తెరుచుకోదు. రౌటర్ ఆపి మళ్లీ వేస్తారు, వైరు మార్చి చూస్తారు. చివరికి పేరు బదులు అంకెలు కొట్టి ఆ పూటకు పని కానిస్తారు. ఆ అంకెలు ఒక చీటీ మీదికెక్కి మానిటర్‌కు అతుక్కుంటాయి. సర్వర్ మారిన రోజున చీటీ అబద్ధమవుతుంది.

ఈ అధ్యాయం ఆ చీటీలను పీకేయడానికే. పెద్ద ఖర్చేమీ లేదు. కావలసినవి మూడు: సంస్థకు సొంతమైన పేరు, ఆ పేరు అడిగినప్పుడు ఎవరికి ఏ జవాబు చెప్పాలన్న నిర్ణయం, ఆ నిర్ణయం రాసిపెట్టిన కాగితం.

అసలు జరుగుతున్నదేమిటి

కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతోనే పిలుచుకుంటాయి. మనుషులకు అంకెలు గుర్తుండవు. 1983కు ముందు పేర్లు, అంకెలు కలిపి రాసిన ఒకే ఒక ఫైలును అమెరికాలో ఒకచోట ఉంచి, అందరూ దాన్నే నకలు చేసుకునేవారు. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ పద్ధతి చాలలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్‌ఎస్ అనే ఏర్పాటును రూపొందించారు. ఎవరి పేర్ల బాధ్యత వారిదే, అడిగినవారికి అంకె చెప్పే సర్వర్‌ను ఎవరికి వారు నడుపుకోవాలి.

తర్వాత ఇంకో మలుపు వచ్చింది. లోకంలోని ప్రతి యంత్రానికీ బయటి అంకె ఇచ్చేంత నిల్వ లేదని తెలిసి, 1994లో కొన్ని అంకెలను లోపలి వాడకానికి విడిగా పెట్టారు. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి ఆ కోవలోవి. మీ ఆఫీసులో 192.168.1.20 ఉంటుంది, పక్క వీధి బట్టల దుకాణంలోనూ అదే ఉంటుంది. ఆ అంకెకు గోడ దాటితే విలువ లేదు. బయటివాళ్లకు కనిపించేది మీ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పబ్లిక్ అంకె ఒక్కటే.

అంటే వెనక గదిలోని సర్వర్‌కు రెండు చిరునామాలున్నాయి. డీఎన్‌ఎస్ సర్వర్‌ను ఎంక్వైరీ కౌంటర్‌లో కూర్చున్న మనిషి అనుకోండి. "మేనేజర్ ఎక్కడ?" అని సిబ్బంది అడిగితే "మేడ మీద మూడో గది" అంటాడు. బయటి నుంచి వచ్చినవాళ్లు అడిగితే "ఆ కిటికీ దగ్గర నిలబడండి" అంటాడు. మేనేజర్ ఒక్కడే, అడిగినవారిని బట్టి దారి వేరు. ఈ పద్ధతిని స్ప్లిట్ డీఎన్‌ఎస్ అంటారు.

మరి రెండో జవాబు లేకపోతే ఏమవుతుంది? లోపలి కంప్యూటర్‌కూ పబ్లిక్ అంకే అందుతుంది. ఆ కంప్యూటర్ అడిగిన మాట రౌటర్ దాకా వెళుతుంది. రౌటర్ దాన్ని వెనక్కి తిప్పి సర్వర్‌కు పంపుతుంది. అడిగిన కంప్యూటర్ పక్కనే ఉందని చూసి సర్వర్ నేరుగా దానికే జవాబిస్తుంది. కంప్యూటర్ మాత్రం జవాబు పబ్లిక్ అంకె నుంచి వస్తుందని ఎదురుచూస్తుంటుంది. తెలియని అంకె నుంచి వచ్చినదాన్ని పారేస్తుంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. దీన్ని సర్దే హెయిర్‌పిన్ నాట్ అనే సదుపాయం కొన్ని రౌటర్లలో ఉంది, కొన్నింటిలో లేదు. ఉన్నచోట కూడా లోపలి రద్దీ అంతా రౌటర్ నెత్తిన పడుతుంది. రెండు జవాబుల పద్ధతే శుభ్రం.

ముందు పేరు మీదవ్వాలి

సొంత పేరు కొనకుండా ఏదో ఒక తోక తగిలించుకోవడం మన దగ్గర పాత అలవాటు. "సర్వర్ డాట్ లోకల్", "ఆఫీస్ డాట్ కార్ప్" వంటివి. లోపల ఎవరికి కనపడుతుందిలే అనుకుంటాం. డాట్ లోకల్‌ను 2013లో వేరే పనికి కేటాయించారు. ప్రింటర్లు, ఆపిల్ యంత్రాలు ఒకే వైఫైలో ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి దాన్ని వాడతాయి. మీరూ అదే వాడితే మీ డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడగకుండానే కొన్ని యంత్రాలు వైఫైలో అరిచి ఊరుకుంటాయి.

కార్ప్ కథ ఇంకా పెద్దది. మైక్రోసాఫ్ట్ పాత సెటప్‌లలో ఉదాహరణకు ఇచ్చిన ఈ పేరును ఎన్నో కంపెనీలు యథాతథంగా ఉంచేశాయి. వాటి ల్యాప్‌టాప్‌లు ఆఫీసు దాటి బయటికెళ్లినప్పుడు కార్ప్ డాట్ కామ్ అనే అసలు సైట్‌ను వెతుక్కుంటూ పోయేవి. 3.75 లక్షలకు పైగా కంప్యూటర్లు అలా తమ సమాచారాన్ని పరాయి గుమ్మానికి మోసుకెళ్తున్నట్టు ఒక పరిశీలనలో బయటపడింది. దుర్మార్గుల చేతిలో పడకుండా 2020లో మైక్రోసాఫ్టే ఆ పేరును కొనుక్కుంది.

పైగా, సొంతం కాని పేరుకు నమ్మదగిన సర్టిఫికెట్ రాదు. లోపలి ఊహాపేర్లకు సర్టిఫికెట్లు ఇవ్వడాన్ని 2015 నవంబరుతో ఆపేశారు. కాబట్టి డొమైన్ కొనండి. డాట్ ఇన్ పేర్లను నిక్సీ సంస్థ చూస్తుంది, రిజిస్ట్రార్ల ద్వారా దొరుకుతాయి. కాలేజీలకు డాట్ ఏసీ డాట్ ఇన్ ఇచ్చేది ఎర్నెట్ ఇండియా. ప్రభుత్వ కార్యాలయాలకు గవ్ డాట్ ఇన్ ఇచ్చేది ఎన్‌ఐసీ. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లిచ్చే రిజిస్ట్రార్ మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీయే. పేరు చూడగానే ఇది అసలు బ్యాంకేనని జనం గుర్తుపట్టాలన్నది ఉద్దేశం. సొంత పేరుకు ఉన్న విలువ అది.

పూర్తిగా లోపలే ఉండిపోయే యంత్రాలకు ఊహాపేరే కావాలనుకుంటే, 2024 జులైలో ఐకాన్ సంస్థ డాట్ ఇంటర్నల్‌ను ఆ పనికే వదిలిపెట్టింది. బయట ఎవరికీ ఎప్పటికీ అమ్మరు. అయితే దానికీ మామూలు సర్టిఫికెట్ రాదు.

పేరు కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఖాతా సంస్థ పేరిట తెరవండి, సంస్థ మెయిల్, సంస్థ ఫోన్ నంబరు ఇవ్వండి. వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడి సొంత మెయిల్ మీద ఉంటే, అతను బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిన ఏడాదికి రెన్యువల్ నోటీసు అతని స్పామ్‌లో పడి ఉంటుంది. ఖాతా మెయిల్ అదే డొమైన్ మీద ఉండకూడదు. డొమైన్ ఆగితే ఆ మెయిలూ ఆగుతుంది, తాళం పెట్టెలోనే తాళంచెవి ఉండిపోతుంది.

మారేవాటిని పేరులో పెట్టకండి

వరంగల్ వాళ్లకు ఈ పాఠం విడిగా చెప్పనక్కర్లేదు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ వచ్చాయి. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. జిల్లా పేరు మీద వెబ్ చిరునామా ఉన్న ప్రతి కార్యాలయమూ ఆ మార్పును వెంటాడాల్సి వచ్చింది. 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన సంస్థ 2002లో నిట్ అయింది. సంస్థ పేరే మారితే చేసేదేమీ లేదు. మన చేతిలో ఉన్నవాటిని మాత్రం మారకుండా చూసుకోవచ్చు.

సర్వర్ కంపెనీ పేరు, సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల పేరు, అంతస్తు నంబరు, సంవత్సరం పేరులోకి రానివ్వకండి. "డెల్-2019" అనే పేరు ఆ పెట్టె తుక్కులోకి వెళ్లాక ఎవరికీ పనికిరాదు. పని పేరు పెట్టండి: రిపోర్ట్స్, హాజరు, లైబ్రరీ, అకౌంట్స్. పెట్టె మారినా పని మారదు.

మూడు గళ్ల కాగితం

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. సంస్థలో ఉన్న ప్రతి సేవనూ ఒక గడిలో వేయండి.

మొదటి గడి, లోపల మాత్రమే వాడేవి: ప్రింటర్, బ్యాకప్ పెట్టె, సీసీ కెమెరా రికార్డర్, అకౌంట్స్ సర్వర్. వీటి కోసం మీ డొమైన్ కిందే ఒక విడి కొమ్మ తీయండి. "లోపల.సంస్థ.ఇన్" అనుకుందాం. "సంస్థ" అన్నచోట మీ పేరు పెట్టుకోండి. ఈ కొమ్మకు జవాబులు లోపలి డీఎన్‌ఎస్ సర్వర్‌లోనే ఉంటాయి, బయట అడిగితే అలాంటి పేరే లేదని రావాలి.

రెండో గడి, బయట ఉండేవి: క్లౌడ్‌లోని వెబ్‌సైట్, మెయిల్. వీటికి ఒకటే జవాబు. లోపలివాళ్లూ బయటివాళ్లూ అక్కడికే పోవాలి.

మూడో గడి, రెండు వైపులా వాడేవి. మన డయాగ్నస్టిక్ సెంటర్‌లో రిపోర్ట్స్ అలాంటిది. ల్యాబ్‌లో టెక్నీషియన్ లోపలి నుంచి ఎక్కిస్తారు, పేషెంటు ఇంటి నుంచి చూసుకుంటారు. రెండు జవాబులు కావలసింది ఈ గడికే. చాలా సంస్థల్లో ఇందులో పడేవి మూడు నాలుగుకు మించవు. అన్నింటినీ ఈ గడిలోకి తోసేస్తే నిర్వహణ తలకు మించిన భారమవుతుంది.

ప్రతి పేరు పక్కన ఇంకో ప్రశ్న రాయండి: ఇది నిజంగా బయటికి తెరవాలా? సీసీ కెమెరాను ఇంటి నుంచి చూడాలని యజమాని అడిగితే, దాన్ని బయట పెట్టే బదులు వీపీఎన్ ఇవ్వండి. బయట ఏది తెరిచినా గంటల్లో యంత్రాలు వచ్చి తలుపు తట్టి చూస్తాయి.

రెండు జవాబులు ఎలా ఇప్పించాలి

రిపోర్ట్స్.సంస్థ.ఇన్ అనే పేరునే తీసుకుందాం. బయటి అంకె 203.0.113.10 అనుకోండి. ఉదాహరణల కోసమే కేటాయించిన అంకె ఇది. లోపలి అంకె 10.40.1.20.

బయటి జవాబు రిజిస్ట్రార్ పేజీలో ఉంటుంది. "ఏ" (A) రికార్డు ఒకటి తెరిచి 203.0.113.10 రాయండి. రౌటర్‌లో 443 పోర్టును మాత్రం సర్వర్ వైపు మళ్లించండి. ఇక్కడే ఒక చిక్కు. చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ అంకె ఉండదు. కంపెనీ వందల ఇళ్లను ఒకే అంకె వెనక దాస్తుంది. రౌటర్ స్టేటస్ పేజీలో 100.64 నుంచి 100.127 మధ్య అంకె కనిపిస్తే మీదీ అదే పరిస్థితి. స్టాటిక్ ఐపీ అడిగి తీసుకోవాలి, లేదా క్లౌడ్‌లో చిన్న సర్వర్ పెట్టి అక్కడి నుంచి టన్నెల్ వేయాలి.

లోపలి జవాబు మీ ఆఫీసు డీఎన్‌ఎస్ సర్వర్‌లో రాస్తారు. చిన్న ఆఫీసుకు రౌటర్‌లోని స్టాటిక్ డీఎన్‌ఎస్ గడి సరిపోతుంది. విండోస్ సర్వర్ ఉన్నచోట చాలామంది చేసే పని, "సంస్థ.ఇన్" అని మొత్తం జోన్ తెరవడం. వెంటనే ఇంకో గోల మొదలవుతుంది. ఆ పేరు కింద ఉన్న ప్రతిదానికీ ఆ సర్వర్ తానే పెద్దననుకుంటుంది. వెబ్‌సైట్, మెయిల్ రికార్డులు అందులో లేకపోతే లేవనే చెబుతుంది, బయట ఎవరినీ అడగదు. ఊరంతా చూస్తున్న మీ వెబ్‌సైట్ మీ సిబ్బందికే కనపడదు. అందుకని జోన్‌ను ఆ ఒక్క పేరుకే తెరవండి. జోన్ పేరు "రిపోర్ట్స్.సంస్థ.ఇన్". లోపల కొత్త హోస్ట్ తీసి, పేరు గడి ఖాళీగా వదిలి, 10.40.1.20 రాయండి. మిగతా పేర్లన్నీ మామూలుగా బయటి నుంచే వస్తాయి.

లినక్స్‌లో బైండ్ నడిపే కాలేజీలు, పెద్ద ఆఫీసులు "వ్యూ" అనే సదుపాయం వాడుకోవచ్చు. అడిగినవారి అంకెను బట్టి ఏ జాబితా చూపాలో అందులో రాస్తారు. బైండ్ పై నుంచి కిందికి చదువుతుంది, మొదట సరిపోయినదాన్నే తీసుకుంటుంది. అందరికీ వర్తించే బయటి వ్యూ పైన రాస్తే లోపలి వ్యూ వరకు ఎవరూ రారు. లోపలిది ముందు, బయటిది తర్వాత. బయటివాళ్లు మీ సర్వర్‌తో వేరే సైట్లను వెతికించుకోకుండా బయటి వ్యూలో రికర్షన్ ఆపేయండి. తెరిచి ఉంచితే ఇంకొకరి మీద దాడికి మీ సర్వర్ రాయి అందించినట్టవుతుంది.

ఎక్కడెక్కడ బెడిసికొడుతుంది

అన్నీ సరిగ్గా చేసినా "ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు" అన్న ఫిర్యాదు వస్తే ముందు డీహెచ్‌సీపీ చూడండి. మొదటి డీఎన్‌ఎస్‌గా ఆఫీసు సర్వర్, రెండోదిగా గూగుల్ వారి 8.8.8.8 ఇచ్చి ఉంటారు. మొదటిది పడిపోతేనే రెండోదాన్ని అడుగుతుందని మన నమ్మకం. కంప్యూటర్లు అలా వరస పాటించవు. మొదటిది కాస్త ఆలస్యం చేస్తే చాలు, రెండోదాన్ని అడిగి అక్కడే ఉండిపోతాయి. గూగుల్‌కు మీ లోపలి పేర్లు తెలియవు. ఆసరా కావాలంటే లోపలే రెండో డీఎన్‌ఎస్ సర్వర్ పెట్టండి, 8.8.8.8ను ఆ సర్వర్ల ఫార్వర్డర్ గడిలో రాయండి.

ఒకే బల్ల దగ్గర ల్యాప్‌టాప్‌లో వచ్చి ఫోన్‌లో రాకపోతే, ఫోన్‌లోని ప్రైవేట్ డీఎన్‌ఎస్ సెట్టింగ్ చూడండి. బ్రౌజర్‌లోని సెక్యూర్ డీఎన్‌ఎస్ కూడా ఇంతే. ఆఫీసు సర్వర్‌ను పక్కనబెట్టి నేరుగా బయటివాళ్లను అడుగుతాయి. ఆఫీసు యంత్రాల్లో వాటిని ఆపేయాలి.

వీపీఎన్ కలిసినా సర్వర్ అందకపోతే అంకెలు పోల్చండి. ఇంటి వైఫైలోనూ 192.168.1, ఆఫీసులోనూ 192.168.1 ఉంటే కంప్యూటర్ ఇంట్లోనే వెతుకుతుంది. పైన ఉదాహరణలో 10.40 ఎంచుకున్నది అందుకే. వీపీఎన్ వాళ్లకు ఆఫీసు డీఎన్‌ఎస్ కూడా అందేలా చూడండి.

సర్వర్ మార్చే రోజున పాత అంకె గంటల తరబడి తిరుగుతుంటుంది. ప్రతి జవాబుకూ టీటీఎల్ అనే గడువు ఉంటుంది, ఆ గడువు తీరేదాకా పాతదాన్నే గుర్తుపెట్టుకుంటారు. మార్పుకు ఒకటి రెండు రోజుల ముందే దాన్ని 300 సెకన్లకు తగ్గించండి, పని అయ్యాక మళ్లీ 3,600కు పెంచండి.

తాళం సంగతి

రెండు వైపులా ఒకే పేరు ఉండడం వల్ల ఒకే సర్టిఫికెట్ రెండు వైపులా పనిచేస్తుంది. "ఈ సైట్ సురక్షితం కాదు, అయినా ముందుకు వెళ్లు" అని సిబ్బందికి నేర్పే దుస్థితి తప్పుతుంది. ఆ అలవాటు పడిన మనిషి నకిలీ బ్యాంకు పేజీలోనూ అలాగే ముందుకు వెళ్తాడు.

లోపలి యంత్రాలకూ లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచితంగా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. సర్వర్‌ను బయటికి తెరవనక్కర్లేదు. డొమైన్ మీదేనని రుజువుగా బయటి డీఎన్‌ఎస్‌లో ఒక టెక్స్ట్ రికార్డు పెడితే చాలు. ఈ పనిని యంత్రానికే అప్పగించండి. సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100 రోజులు, 2029 మార్చి నాటికి 47 రోజులు. క్యాలెండర్ చూసి చేత్తో మార్చే రోజులు అయిపోతున్నాయి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ మీది పేరూ బహిరంగ జాబితాలోకి ఎక్కుతుంది, ఎవరైనా వెతకొచ్చు. "జీతాలు-బ్యాకప్" అని పేరు పెట్టి సర్టిఫికెట్ తీస్తే లోకానికి చెప్పినట్టే. లోపలివాటికి కొమ్మ మొత్తానికి వర్తించే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తీసుకోండి. పేరు దాచినంత మాత్రాన రక్షణ రాదు. పాస్‌వర్డు, ఫైర్‌వాల్ ఎలాగూ ఉండాల్సిందే. లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలని 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలున్నాయి. డీఎన్‌ఎస్ సర్వర్ లాగ్‌నూ అందులో కలపండి.

ఈ వారం చేయాల్సిన పని

మొదటి రోజు రిజిస్ట్రార్ ఖాతా ఎవరి పేరిట ఉందో, రెన్యువల్ ఎప్పుడో చూడండి. సంస్థ పేరిట లేకపోతే మిగతావన్నీ ఆపి అది మార్పించండి.

రెండో రోజు మూడు గళ్ల కాగితం నింపండి. హోస్ట్స్ ఫైళ్లలో, మానిటర్ల మీది చీటీల్లో, డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌లలో ఉన్న అంకెలన్నీ అందులోకి రావాలి.

మూడో రోజు ఒకే ఒక్క పేరుకు రెండు జవాబులు ఏర్పాటు చేయండి. ఆఫీసు వైఫైలో ల్యాప్‌టాప్ పెట్టి ఎన్‌ఎస్‌లుకప్ కొట్టండి, 10.40.1.20 రావాలి. తర్వాత ఫోన్ హాట్‌స్పాట్‌కు మారి అదే కొట్టండి, 203.0.113.10 రావాలి. ఎన్‌ఎస్‌లుకప్ కొత్త అంకె చెప్పి పింగ్ పాత అంకె చూపిస్తే, ఆ కంప్యూటర్ హోస్ట్స్ ఫైలులో ఎవరో ఎప్పుడో రాసిన వరుస ఉందేమో చూడండి. ఎన్‌ఎస్‌లుకప్ ఆ ఫైలు చూడదు, పింగ్ చూస్తుంది. ఉంటే ఆ వరుస తీసేయండి.

నాలుగో రోజు రిజిస్టరు తెరవండి. ఒక్కో పేరుకు ఒక వరుస: పేరు, లోపలి జవాబు, బయటి జవాబు, ఏ పనికి, ఎవరి బాధ్యత, సర్టిఫికెట్ ఎలా మారుతుంది, చివరిసారి ఎవరు ఎప్పుడు మార్చారు. ఒక ప్రతి సర్వర్ పనిచేయకపోయినా దొరికేలా కాగితం మీద ఉండాలి.

మిగతా పేర్లను వారానికొకటి చొప్పున మార్చుకుంటూ రండి. మీ ఏర్పాటు సరిగ్గా కుదిరిందో లేదో తేల్చడానికి ఒకటే కొలత. మేడారం జాతరకు నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లండి. జనం మధ్య ఫోన్ కలవకపోయినా, ఇక్కడ మీ స్థానంలో కూర్చున్న మనిషి రిజిస్టరు చూసి పని నడిపించగలిగితే మీరు నెగ్గినట్టే. నడిపించలేకపోతే ఎక్కడ ఆగిపోయారో అడిగి, ఆ వరుసను రిజిస్టరులో చేర్చండి.